సొర పురుటికి ఎక్కడికొస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మా ఊళ్లో వలకు నల్లకొసల రెక్కలున్న సొర పిల్లలు పడేవి. ఇప్పుడు తగ్గాయి. మా మావయ్య మాత్రం ‘సముద్రం ఒక్కటే, వేరే చోటి నుంచి వస్తాయిలే’ అంటాడు. వస్తాయా?
– ఒక పాఠకురాలు, ఉప్పాడ

జవాబు: మీ మావయ్య మాట సగం నిజం అమ్మా. మగవాటి వరకైతే సరే. పేచీ అంతా ఆడవాటితోనే.

నల్లకొసల సొరల్లో బ్లాక్‌టిప్ అనేది మన బంగాళాఖాతంలోనూ ఉంది, అమెరికా వైపూ ఉంది. 2005లో వచ్చిన ఒక అధ్యయనం కోసం అట్లాంటిక్, మెక్సికో సింధుశాఖ, కరీబియన్ తీరాల్లో తొమ్మిది చోట్ల ఈ సొర పిల్లల డీఎన్‌ఏ పరీక్షించారు. పిల్లలే ఎందుకంటే, పెద్ద సొర దొరికిన చోటే పుట్టిందని చెప్పలేం. పిల్ల పుట్టిన చోటే తిరుగుతుంది. ఈసారి ఒకటి దొరికితే వెల్లకిలా తిప్పి చూడండి, ముందు రెక్కల మధ్య బొడ్డు మచ్చ ఉంటుంది. అది మానకపోతే పచ్చి పసిగుడ్డే. (బ్లాక్‌టిప్ గుడ్లు పెట్టదు, పది పన్నెండు నెలలు మోసి కంటుంది.)

తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒకటి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చేది ఇంకొకటి, రెండూ చూశారు. తీరాల మధ్య తేడాను సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే తల్లి వైపు 0.35 వచ్చింది. రెండోదాంట్లో 0.007, అంటే నామమాత్రం. మగవి తీరాలు దాటి జతకడుతున్నాయి, ఆడవి పురుటికి పుట్టింటి వైపే వస్తున్నాయన్నమాట.

బహామాస్‌లోని బిమిని దగ్గర లెమన్ షార్క్‌లదీ ఇదే వరస. 1990లలో అక్కడ పుట్టిన ఆడవాటిలో కనీసం ఆరు, 14 నుంచి 17 ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వచ్చి కన్నాయని 2014లో ప్రకటించారు. అన్నేళ్లు పిల్లల్ని పడుతూ, డీఎన్‌ఏ తీస్తూ కూర్చున్నవాళ్ల ఓపికకు దండం పెట్టాలి!

కాబట్టి ఒక తీరంలో కనే తల్లులు వలల్లో పోతే, పక్క తీరం తల్లులు ఆ ఖాళీలోకి అంత తొందరగా రావు. బ్లాక్‌టిప్ ఆడది ఏడాది విడిచి ఏడాది కంటుంది, అదీ నాలుగు నుంచి ఏడు పిల్లల్ని.

బొడ్డు మానని పిల్లలు ఏ నెలలో, ఎంత లోతులో పడుతున్నాయో మావయ్యను అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయండి. విశాఖలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వాళ్లకు చూపిస్తే పనికొస్తుంది.