వినేవాళ్లకు అర్థమయ్యే సువార్త: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పక్కింటి వదినె, నేను ఇరవై ఏండ్ల సంది కలిసి ఉంటున్నం. యేసయ్య గురించి చెప్తే మంచిగనే వింటది. ఆఖరికి "అందరు దేవుళ్లు ఒక్కటే గదా" అని నవ్వి ఊకుంటది. నేను చెప్పేది ఆమెకు ఎందుకు ఎక్కుతలేదు? (ఒక సోదరి, హనుమకొండ)

జవాబు: ఆమె వినడంలో లోపం లేదు. మనం చర్చిలో వాడే మాటలకు ఆమె ఇంట్లో వేరే అర్థాలున్నాయి, చిక్కంతా అక్కడే. "పాపం" అంటే ఆమెకు "అయ్యో పాపం" అనే జాలి, లేదంటే పుణ్యం చేసి కొట్టేయగల లెక్క. "మనం పాపులం" అనగానే తనేదో దొంగతనం చేసినట్టు అన్నారనుకుంటుంది. "రక్షణ" అంటే ఆపద నుంచి కాపాడటం. "విశ్వాసం" అంటే తిన్న ఇంటిని మరవని కుక్క గుణం. "తిరిగి జన్మించాలి" (యోహాను 3) అంటే పునర్జన్మ. ఏ చక్రం నుంచి బయటపడాలని ఆమె మొక్కుతోందో దాంట్లోకే మళ్లీ రమ్మన్నట్టు వినిపిస్తుంది. ఈ మాటలు మానేయమని కాదు, ఒక్కోదాన్ని విప్పి చెప్పండి.

లూకా 15తో మొదలుపెట్టండి. తండ్రి బతికుండగానే భూమి పంచమని కొడుకు అడిగితే ఆ తండ్రికి ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. తండ్రి వద్దు, తండ్రి ఆస్తి మాత్రం కావాలి, పాపమంటే ఇదీ. అయితే ఆ కథలో సిలువ లేదు కాబట్టి అక్కడితో ఆపొద్దు. క్షమాపణ గురించి చెప్పేటప్పుడు అప్పు మాట ఎత్తండి. బాకీ మాఫీ చేస్తే బాకీ గాలిలో కలిసిపోదు, ఇచ్చినవాడు ఆ నష్టాన్ని తన మీద వేసుకుంటాడు. సిలువ మీద జరిగింది అదే. ఆ తర్వాత 1 కొరింథీ 15:3, 4 చూపించండి: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజు లేచాడు. చాలామంది మరణం దగ్గరే కన్నీళ్లతో ముగించేస్తారు. లేచాడన్నది వదిలేస్తే వినేవాళ్లకు యేసు ఒక మంచి మనిషిగానే మిగిలిపోతాడు. బతికున్నవాడైతేనే కదా ఆయన మీద ఆనుకోమని చెప్పగలం? విశ్వాసమంటే ఆ ఆనుకోవడమే.

"అందరు ఒక్కటే" అన్నప్పుడు వాదనకు దిగకండి. వాళ్ల ఇలవేల్పును ఒక్క మాట కూడా తూలనాడకండి. ఏథెన్సులో విగ్రహాలు చూసి పౌలు మనసు పరితపించింది. అయినా వాళ్లను తిట్టలేదు, "తెలియబడని దేవునికి" అని రాసి ఉన్న బలిపీఠంతో మాట మొదలుపెట్టి, వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు (అపొ. కార్యములు 17). మీరూ అడగండి: "వదినె, దేవుని దగ్గర నీకు ఏం దొరకాలని ఉన్నది?" అడిగాక ఆమె చెప్పేది చివరిదాకా వినండి. మీ వంతు వచ్చినప్పుడు పది నిమిషాలు దాటొద్దు. ఒక్క మాట మాత్రం దాచకండి: యేసయ్య పూజగదిలో ఇంకొక పటంగా ఉండటానికి రాలేదు. ఇది తర్వాత చెబుదాంలే అనుకుంటే, ఆమె దేనికి ఒప్పుకుంటోందో ఆమెకే తెలియకుండా పోతుంది.

ప్రశ్న: మా ఊర్లె సువార్త కూటం పెడితే, పిలుపునిచ్చినప్పుడు నలభై మంది చేతులెత్తిన్రు. ఆదివారం ఇద్దరే వచ్చిన్రు. ప్రసంగంల లోపమా, ప్రార్థనల లోపమా? (ఒక సంఘ పెద్ద, పరకాల)

జవాబు: ఎక్కువసార్లు లోపం పిలుపులోనే ఉంటుంది. "జబ్బులున్నవాళ్లు, అప్పులున్నవాళ్లు, యేసయ్య కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అని ఒకే ఊపులో అంటే ఆ నలభై చేతుల్లో జ్వరానికి ఎన్నో, కోర్టు కేసుకు ఎన్నో, మారుమనస్సుకు ఎన్నో ఎవరూ చెప్పలేరు. రోగుల కోసం ప్రార్థన ముందే చేసి ముగించండి. ఆ తర్వాత పిలుపునివ్వండి. అప్పుడు కీబోర్డు ఆపేయండి, కళ్లు మూయించకండి. దేనికి రమ్మంటున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి: పాత దారి విడిచి యేసును ప్రభువుగా ఒప్పుకోవడం, ఆయనను దేవుడు మృతులలోనుంచి లేపాడని హృదయంలో నమ్మడం (రోమా 10:9). ఒకసారి అడిగితే చాలు. "ఇంకొక్కరు, ఇంకొక్కరు" అని పదిహేను నిమిషాలు లాగితే లేచేవాళ్లు మొహమాటానికే లేస్తారు. "ఇప్పుడే తేల్చుకోలేనివాళ్లు మళ్లీ విందురుగాని రండి" అని కూడా అనండి. ఏథెన్సులో కొందరు అపహాస్యం చేశారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొందరు నమ్మారు. రెండో గుంపుకు మన కూటాల్లో చోటే ఉండటం లేదు.

ముందుకొచ్చినవాళ్లతో మాట్లాడటానికి ఐదుగురికి ఒకరి చొప్పున ముందే సిద్ధం చేసుకోండి. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి. మొదటి ప్రశ్న ఇది: "విన్నదాంట్ల మీకు ఏం సమజైంది?" జవాబు "పిల్లకు పెండ్లి కావాలె" అయితే ఆ విన్నపం కోసం మనసారా ప్రార్థించండి, కానీ వాళ్లను నమ్మినవాళ్ల లెక్కలో రాయకండి. నిజంగా అర్థమైతే ప్రార్థన వాళ్ల మాటల్లోనే చేయనివ్వండి.

రెండు రోజుల్లోపు ఎవరైనా ఇంటికి వెళ్లాలి. పత్తి ఏరేటప్పుడు, మిర్చి తెంపేటప్పుడు పగలు ఇంట్లో ఎవరూ ఉండరు, పొద్దుగూకినంక వెళ్లండి. మార్కు సువార్త చేతికివ్వండి. 16 అధ్యాయాలు, రోజుకొకటి. చదువు రానివాళ్లకు ఫోన్‌లో ఆడియో పెట్టివ్వండి. దీనికి పాస్టర్‌గారే వెళ్లనక్కర్లేదు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య గారు, బాప్తిస్మం పొందేవాళ్లతో తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" (1 కొరింథీ 9:16) అని పలికించేవారు. ఆ పని కూలికెళ్లే అక్కది కూడా అని ఆయన ఉద్దేశం.

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతదంటున్నరు. ముందే చెప్తే ఎవరూ రారేమో. చెప్పాల్నా? (ఒక యువకుడు, మహబూబాబాద్)

జవాబు: చెప్పాలి, బాప్తిస్మానికి ముందే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, ఆ తర్వాత చేర్చిన సిక్కులకు (1956), బౌద్ధులకు (1990) మాత్రమే. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, అందులో రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు, కాబట్టి లంబాడీ, కోయ కుటుంబాలను ఈ మాటతో భయపెట్టకండి. ఈ నియమం అన్యాయమని మేమూ అనుకుంటాం. అయినా పిల్లల చదువు, ఉద్యోగం తాకే సంగతిని దాచి నీళ్లలో ముంచడం దానికి మించిన అన్యాయం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది యేసు ప్రభువే (లూకా 14:28). వాళ్లు ఆలోచించుకుంటామంటే నెలలు పట్టినా ఆగండి, ఆ ఇంటికి రాకపోకలు మాత్రం మానకండి. మైనర్లయితే తల్లిదండ్రులకు తెలియకుండా అడుగు వేయొద్దు.

ప్రశ్న: కరపత్రాలు, మైకు గురించి నియమాలేంటి? (వరంగల్)

జవాబు: మత ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. ఆ హక్కు ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. బియ్యం, ఫీజులు ఆశ చూపి చెప్పేది సువార్తా కాదు, చట్టం ముందు నిలవదు. గుడి దగ్గర, మేడారం జాతరలో, బతుకమ్మ ఆడేచోట పంచకండి. ఆసుపత్రి వార్డులో మంచం మీదున్న మనిషి లేచి వెళ్లిపోలేడు, కాబట్టి ఆయన అడిగితేనే మాట్లాడండి. మందులు ఆపమని ఎన్నడూ అనొద్దు. మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి. బయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. కూటం 9.30కు ముగిసేలా చూసుకుంటే పిలుపు తొందరపడి ఇవ్వాల్సిన అవసరం రాదు.