పాఠకుల ప్రశ్నలు: మెడ దగ్గర అతుకు, చెదిరిపోయిన ముఖం

ప్రశ్న: డాజ్ స్టూడియో అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో జెనెసిస్ 8 అనే స్త్రీ బొమ్మకు ముఖం టెక్స్చర్ (చర్మంగా అతికే చిత్రం) నేనే దిద్దుకున్నాను. రెండర్ చేస్తే, అంటే తుది చిత్రం తీస్తే, మెడ చుట్టూ గీత గీసినట్టు అతుకు కనిపిస్తోంది, చర్మం ప్లాస్టిక్‌లా ఉంది. టెక్స్చర్ సైజు పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 4096 పిక్సెళ్ల చదరపు చిత్రం కుదించకుండా మెమరీలోకి వెళితే సుమారు 64 మెగాబైట్లు తీసుకుంటుంది. పక్క కొలతను రెట్టింపు చేస్తే అది నాలుగింతలవుతుంది, అతుకు మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ బొమ్మ చర్మం ముఖం, మొండెం, కాళ్లు, చేతులు అని విడివిడి చిత్రాలుగా పరచి ఉంటుంది. మీరు ముఖాన్ని ఒక్కదాన్నే దిద్దారు కనుక, మెడ దగ్గర దాన్ని ఆనుకుని ఉండే మొండెం చిత్రంతో రంగు కలవడం లేదని మొదట అనుమానించాలి. అయితే దోషం రంగుదేనని అప్పుడే తేల్చేయకండి. రంగు చిత్రాలన్నీ తీసేసి, ఒంటినిండా ఒకే బూడిద రంగు పెట్టి రెండర్ చేయండి. అప్పటికీ గీత కనిపిస్తే, తప్పు చర్మపు ఎత్తుపల్లాలను చూపే బంప్ మ్యాప్‌లోనో, మెరుపును నిర్ణయించే రఫ్‌నెస్ మ్యాప్‌లోనో, లేదా ముఖానికీ మొండానికీ వేర్వేరుగా ఉండిపోయిన మెటీరియల్ విలువల్లోనో ఉంది. గీత మాయమైతే తప్పు రంగుదే. దాన్ని ఫోటో ఎడిటర్‌లో కంటి అంచనాతో సరిచేయబోతే రోజులు గడిచిపోతాయి. బొమ్మ మీదే నేరుగా రంగు వేయనిచ్చే బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో, అతుకుకు అటూ ఇటూ ఒకే బ్రష్‌తో దిద్దడమే మేలు. టెక్స్చర్ చిత్రంలో చర్మపు ముక్కల అంచులు దాటి కొన్ని పిక్సెళ్ల మేర రంగును బయటికి పొంగనివ్వండి, లేకుంటే దూరపు రెండర్లలో నేపథ్యపు రంగు అతుకులోకి చొరబడుతుంది.

ప్లాస్టిక్ సంగతికి వస్తే, అసలు చర్మం తన మీద పడిన వెలుగునంతా పైపొర నుంచే తిప్పి పంపదు. ఎదురుగా పడిన కాంతిలో పైపొర నుంచి ప్రతిఫలించేది సుమారు 3 శాతమే. మిగిలిన దానిలో చాలా భాగం లోపలికి వెళ్లి, చెదిరి, కొంత పక్కకు జరిగి బయటికి వస్తుంది. ఎరుపు కాంతి నీలం కన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కనుకనే, వెనుక దీపం ఉన్నప్పుడు చెవి తమ్మె ఎర్రగా వెలుగుతుంది. సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్ చేసే పని ఇదే. అది లేని బొమ్మకు చర్మరంధ్రాలెన్ని గీసినా మైనపు పూత పోదు (నా తొలి బొమ్మకు రంధ్రాలు గీస్తూ వారం రోజులు పోగొట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను). నుదురు, ముక్కు కొంచెం మెరవాలి, బుగ్గలు అంత మెరవకూడదు. ఒంటినిండా ఒకే రఫ్‌నెస్ ఉంటే బొమ్మతనం బయటపడిపోతుంది. రఫ్‌నెస్, బంప్, నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పేది) చిత్రాలు రంగులు కావు, కొలతలు. వాటికి రంగు చిత్రాల గామా సవరణ (వెలుగు విలువలను మార్చే లెక్క) వర్తించకుండా చూడండి. ఫోటో నుంచి తీసిన టెక్స్చర్ అయితే అందులో మిగిలిపోయిన ఫ్లాష్ మెరుపులను, నీడలను తుడిచేయాలి, లేకపోతే మీరు పెట్టిన దీపానికి తోడు ఫోటోలోని దీపం కూడా వెలుగుతుంది.

ప్రశ్న: బొమ్మను బ్లెండర్‌లోకి పంపి ముక్కు చెక్కి, మార్ఫ్‌గా వెనక్కి తెస్తే ముఖం ముక్కలు చెక్కలైపోతోంది. ఎందుకు?

జవాబు: మార్ఫ్ అంటే కొత్త ముక్కు కాదు; బొమ్మ ఉపరితలం మీది ఫలానా సంఖ్య గల బిందువు ఎంత జరగాలో చెప్పే పట్టిక. చెక్కేటప్పుడు రీమెష్ చేసినా (ఉపరితలాన్ని కొత్త బిందువులతో మళ్లీ అల్లడం), డైన్‌టోపో వాడినా (చెక్కుతుండగానే బిందువులను పెంచే అమరిక), ఒక్క బిందువు కలిపినా తీసినా లెక్క కుదరక డాజ్ స్టూడియో సాధారణంగా మార్ఫ్‌నే తీసుకోదు; లెక్క అంతే ఉండి వరుస మారితే ఆ సంఖ్యలు తారుమారవుతాయి, చెవి కదలాల్సిన చోట పెదవి కదులుతుంది. బేస్ రిజల్యూషన్‌లో (నునుపు కోసం అదనపు బిందువులు చేర్చని మూల రూపంలో), భంగిమ ఏదీ లేకుండా పంపండి; బిందువుల వరుసను మార్చకండి. డాజ్ స్టూడియోలో ఒక యూనిట్ సెంటీమీటరు, బ్లెండర్‌లో మీటరు కనుక, వెళ్లేటప్పుడు వాడిన కొలతనే వచ్చేటప్పుడూ ఎంచుకోండి. మార్పు ముక్కుతో ఆగక దవడనో కళ్లనో తాకితే, ఎముకలను కొత్త ఆకారానికి సర్దిన తరువాతే మార్ఫ్‌ను భద్రపరచాలి.

ప్రశ్న: అన్నీ సరిగానే చేశాను, ముఖం ఇంకా బొమ్మలాగే ఉంది.

జవాబు: చెక్కేటప్పుడు పెట్టుకున్న మిర్రర్‌ను (రెండు పక్కలా ఒకేలా చెక్కే అమరికను) తీసేసి, ఒక కనుబొమను, పెదవి ఒక మూలను రవ్వంత జరిపి చూడండి. కంటి తెలుపును కూడా కాస్త తగ్గించండి. నిజమైన కన్ను కాగితమంత తెల్లగా ఉండదు.