చెవిపోటు తగ్గిందని దేన్ని చూసి చెప్పాలి?

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. నెల క్రితం జలుబు చేసి, రాత్రంతా చెవిపోటుతో ఏడ్చింది. ఒక డాక్టర్ వెంటనే యాంటీబయాటిక్ రాశారు, మరొకరు రెండు రోజులు చూద్దామన్నారు. నెట్‌లో చూస్తే ఒకచోట మందు బాగా పనిచేస్తుందని, ఇంకోచోట పెద్దగా తేడా ఉండదని ఉంది. చివరికి మందు వాడాం, నొప్పి తగ్గింది. ఇప్పుడేమో టీవీ సౌండ్ పెంచమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చదివిన రెండు మాటలూ నిజమే కావచ్చు. ఎవరు దేన్ని కొలిచారన్నదే అసలు తేడా.

2011లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ డాక్టర్లు ప్రచురించిన పరిశోధన చూడండి. 6 నుంచి 23 నెలల పిల్లలు 291 మంది. కొందరికి అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ అనే యాంటీబయాటిక్, మిగతావారికి మందు లేని సిరప్ ఇచ్చారు. బిడ్డ చెవి లాక్కుంటోందా, ఏడుస్తోందా, చిరాకు పడుతోందా, నిద్రపోతోందా, ఆడుకుంటోందా, తింటోందా, జ్వరముందా అని తల్లిదండ్రులను అడిగి మార్కులు వేశారు. ఆ లెక్కన ఏడో రోజుకు లక్షణాలు తగ్గినవారు మందు వాడినవారిలో 80 శాతం, వాడనివారిలో 74 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. అదే పిల్లలకు చెవిలోకి చూసే ఓటోస్కోప్ అనే పరికరంతో కర్ణభేరి కూడా చూసి, లక్షణాలతో పాటు లోపలి ఎరుపు, ఉబ్బు కూడా తగ్గితేనే నయమైనట్టు అని లెక్కేశారు. 10-12 రోజుల నాటికి అలా నయం కానివారు మందు వాడినవారిలో 16 శాతం, వాడనివారిలో 51 శాతం! పిల్లలు వాళ్లే, మందు అదే. కొలత మారేసరికి ఒకరికి గోరంత, ఒకరికి కొండంత తేడా కనిపించింది.

ఒక పరిశోధన మొదటి రోజు నొప్పిని, ఇంకొకటి మూడు నెలల తర్వాత చెవిలో మిగిలిన నీటిని, మరొకటి వినికిడిని కొలిస్తే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒక జబ్బు మీద ఎవరు పరిశోధించినా కొన్ని కొలతలు తప్పకుండా తీసుకోవాలని ముందే అనుకోవడం అందుకే. 2010లో మొదలైన కామెట్ అనే బృందం పని ఇదే. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు చెవిలో నీరు చేరితే ఏమేం కొలవాలో బ్రిటన్‌లో నిర్ణయించేటప్పుడు డాక్టర్లతో పాటు తల్లిదండ్రులనూ అడిగారు. నాకు బాగా నచ్చిన విషయం ఇది. కర్ణభేరి రంగు డాక్టర్లమైన మాకు ముఖ్యం కావచ్చు. బిడ్డ రాత్రి నిద్రపోయిందా, టీచర్ మాట వినిపిస్తోందా అన్నది మీకు ముఖ్యం. రెండూ లెక్కలోకి రావాలి.

ఇక మీ పాప సంగతి. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. రెండేళ్లు దాటి, నొప్పీ జ్వరమూ మరీ ఎక్కువగా లేని పిల్లలకు నొప్పి తగ్గడానికి పారాసిటమాల్ ఇస్తూ రెండు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండొచ్చు. చెవి కారుతున్నా, జ్వరం 102 దాటినా, ఆరు నెలల లోపు బిడ్డయినా అలా ఆగకూడదు.

ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా కర్ణభేరి వెనుక నీరు కొన్ని వారాలు ఉండిపోతుంది. టీవీ సౌండ్ పెంచమనడానికి బహుశా అదే కారణం. చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే పోతుంది, దానికోసం మళ్లీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. పాప ఆటలో ఉన్నప్పుడు వెనుక నుంచి మామూలు గొంతుతో పిలవండి. ఎన్నిసార్లు పలికిందో వారానికోసారి రాసిపెట్టుకోండి. మూడు నెలలైనా అలాగే ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర టింపనోమెట్రీ (కర్ణభేరి ఎంత కదులుతోందో చూసే పరీక్ష), వినికిడి పరీక్ష చేయించండి. మాటలు సరిగా రాకపోతే అన్నాళ్లు ఆగొద్దు, ఇప్పుడే వెళ్లండి. ఈలోగా చెవిలో వెల్లుల్లి కాచిన నూనె మాత్రం పోయకండి. చెవి వెనుక వాచి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.