వెన్నెముక వాతం రోగుల ప్రశ్నావళిని అనువదిస్తే చాలదా, మళ్లీ పరీక్షించడం ఎందుకు?

చాలదు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాతం ఉన్నవాళ్ల జీవితం ఎలా సాగుతోందో కొలవడానికి ఏఎస్‌క్యూఓఎల్ అనే ప్రశ్నావళి ఉంది. బ్రిటన్, నెదర్లాండ్స్ రోగులు చెప్పుకున్న మాటల్లోంచే పుట్టింది, 2003లో ప్రచురించారు. 18 ప్రశ్నలు, అవును/కాదు జవాబులు. స్కోరు 0 నుంచి 18. పెరిగేకొద్దీ రోజు గడవడం అంత కష్టంగా ఉన్నట్టు.

దీన్ని ఇంకో భాషలోకి తెచ్చేటప్పుడు ముందు రెండు భాషలూ వచ్చినవాళ్లు కలిసి కూర్చుని అనువదిస్తారు. తర్వాత ఆ ఒక్క భాషే మాట్లాడే మామూలు జనం చదివి, "మేమిలా అనం" అని సరిచేస్తారు. నా దృష్టిలో ఈ రెండో మెట్టే ప్రాణం. తెలుగునే తీసుకోండి. పొద్దున్నే మంచం దిగుతుంటే నడుము వంగదు. దాన్ని ‘బిగుసుకుపోయింది’ అనాలా, ‘పట్టేసింది’ అనాలా? నీళ్ల బిందె ఎత్తినప్పుడు కలుక్కుమన్నా ‘పట్టేసింది’ అనే అంటాం కదా! మాట తేడా వస్తే జవాబూ తేడా వస్తుంది.

ఆపైన కొందరు రోగుల పక్కన కూర్చుని, ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో, దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో అడుగుతారు.

చివరికి లెక్కలు. జబ్బులో మార్పు లేని రోగి సుమారు రెండు వారాల తర్వాత మళ్లీ నింపితే స్కోర్లు దాదాపు కలవాలి. రెండింటి సహసంబంధం (1కి ఎంత దగ్గరైతే అంత పొంతన ఉన్నట్టు) 0.85 అయినా ఉండాలని చూస్తారు. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లకి స్కోరు కూడా ఎక్కువే రావాలి.