ఎకోలో కనిపించే వేరియబుల్ అప్లికేషన్‌కు ఎందుకు అందదు?

"షెల్‌లో వేరియబుల్ పెట్టాను, ఎకో చేస్తే విలువ కనిపిస్తోంది, అప్లికేషన్ మాత్రం అది లేదంటోంది" అని రాశారు. షెల్ అంటే లినక్స్‌లో మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్, వేరియబుల్ అంటే పేరు పెట్టి దాచుకున్న విలువ, ఎకో అంటే ఇచ్చినదాన్ని తెరపై చూపే కమాండ్. ముందు ఎకోను నమ్మడం మానేయండి. డాలరు గుర్తున్న పేరు కనబడగానే దాని స్థానంలో విలువను షెల్ తానే పెట్టి, ఆ తర్వాత ఎకోకు అందిస్తుంది. కాబట్టి అక్కడ మీరు చూసేది షెల్‌కు తెలిసిన సంగతి మాత్రమే. ఎక్స్‌పోర్ట్ చేయని, అంటే షెల్ మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లకు అందేలా గుర్తించని వేరియబుల్ కూడా ఎకోలో నిక్షేపంగా కనిపిస్తుంది. దాని బదులు ప్రింట్‌ఎన్వ్ అని కొట్టి, పక్కన డాలరు గుర్తు లేకుండా పేరు ఇవ్వండి. అది వేరే ప్రోగ్రామ్ కాబట్టి ఎక్స్‌పోర్ట్ అయినవే దానికి అందుతాయి. ఏమీ రాకపోతే ఎక్స్‌పోర్ట్ మరిచిపోయారన్నమాట. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

నాకు తీరలేదు. ఒక రాత్రి డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చి, దాని చిరునామాను ఎక్స్‌పోర్ట్ చేసి అప్లికేషన్‌ను మళ్లీ మొదలుపెట్టాను. అది హాయిగా నడిచింది, కానీ పాత డేటా చూపిస్తోంది. ప్రింట్‌ఎన్వ్‌లో చిరునామా సరిగ్గానే ఉంది. మూడు గంటలపాటు కోడ్ తిరగేశాను, కొటేషన్లు మార్చాను, సర్వర్‌నే అనుమానించాను. చివరికి పక్క సీటు సీనియర్ వచ్చి, "షెల్‌ను ఎన్నిసార్లు అడుగుతావు? ఆ ప్రాసెస్ దగ్గర ఏముందో చూడు" అన్నారు.

ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. లినక్స్‌లోని ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబరు కిందా ఎన్విరాన్ అనే ఫైలు ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దాని చేతికి వచ్చిన వేరియబుల్స్ అందులో ఉంటాయి. నేరుగా తెరిస్తే అన్నీ అతుక్కుపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి, ఎందుకంటే వాటి మధ్య ఉండేది కంటికి కనబడని శూన్య అక్షరం. అక్షరాలను మార్చే టీఆర్ కమాండ్‌తో ఆ శూన్య అక్షరాలను కొత్త వరుసలుగా మార్చి చూశాం. నా డేటాబేస్ చిరునామా ఎక్కడా లేదు. ఉన్నవాటిలో సుడో యూజర్, సుడో కమాండ్ అనే రెండు పేర్లు చూడగానే విషయం అర్థమైంది. అప్లికేషన్‌ను నేను సుడోతో, అంటే అడ్మిన్ అధికారాలతో ప్రోగ్రామ్‌ను నడిపే కమాండ్‌తో మొదలుపెట్టాను. భద్రత కోసం సుడో మామూలుగా మన వేరియబుల్స్‌లో చాలావాటిని తీసేసి, కొత్త జాబితాతో ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. ఈ చిక్కుకు విరుగుడుగా సుడోకు ఇంగ్లీషు క్యాపిటల్ 'ఈ' అక్షరంతో ఇచ్చే ఆప్షన్ ఉంది, అయితే అది పనిచేయడానికి సుడో నియమాలు ఒప్పుకోవాలి. విలువను కమాండ్‌లోనే రాసి ఇవ్వవచ్చు గానీ పాస్‌వర్డ్‌ల విషయంలో ఆ పని చేయకండి, అవి లాగుల్లోకి, అంటే సిస్టమ్ రాసుకునే నమోదు ఫైళ్లలోకి చేరతాయి.

ఇంకో మాట. ఎవరు ఏ సమస్య చెప్పినా "బాష్‌ఆర్‌సీలో పెట్టండి" అని సలహా ఇచ్చేవారంటే నాకు ఒళ్లు మండుతుంది. అది మీరు టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ అనే షెల్ చదువుకునే ఫైలు. నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్ దాన్ని చదవదు, వెనుక నడిచే ప్రోగ్రామ్‌లను చూసుకునే సిస్టమ్‌డీ కింద నడిచే సర్వీసు చదవదు. సర్వీసుకు విలువ కావాలంటే దాని సెట్టింగులుండే యూనిట్ ఫైలులో ఎన్విరాన్‌మెంట్ వరుస రాసి, మార్పును సిస్టమ్‌డీ చదివేలా డీమన్ రీలోడ్ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టాలి. క్రాన్‌కైతే దాని పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్‌లోనే పేరూ విలువా ఇవ్వాలి. ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు మీరు ఇప్పుడు చేసే ఎక్స్‌పోర్ట్ ఏ దారిలోనూ చేరదు, ఎందుకంటే తన ప్రతిని అది పుట్టినప్పుడే తీసుకుంది.

అయినా ఆ రాత్రి అసలు తప్పు సుడోదని నేను అనుకోను. చిరునామా దొరకనప్పుడు నోరు మెదపకుండా పాత డేటాబేస్‌కు వెళ్లిపోయేలా మా ప్రోగ్రామ్‌ను రాసుకున్నాం. అది ఒక్క మాట చెప్పి ఉంటే నా మూడు గంటలు మిగిలేవి. ఆ డిఫాల్ట్ విలువను వెంటనే తొలగించాను. ఇప్పుడు వేరియబుల్ అందకపోతే ప్రోగ్రామ్ దాని పేరు చెప్పి, మొదటి వరుసలోనే ఆగిపోతుంది.