ఆక్సిజన్ 95 ఉంది... అయినా నాన్నకు ఆయాసం తగ్గడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరింది. ఇక కీమో వల్ల లాభం లేదని, ఇంట్లోనే ఉంచి బాధ తగ్గించే చికిత్స ఇద్దామని డాక్టర్లు చెప్పారు. పది రోజులుగా రాత్రయితే ఆయాసం. పడుకోలేకపోతున్నారు. ఆక్సిమీటర్ పెడితే 95 చూపిస్తోంది. డాక్టర్ మార్ఫిన్ రాశారు కానీ, ‘అది వేస్తే ఉన్న ఊపిరి కూడా ఆగిపోతుంది’ అని బంధువులు అంటుంటే భయమేసి మొదలుపెట్టలేదు. ఆక్సిజన్ మెషిన్ అద్దెకు తేవాలా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారు పడుతున్న ఆయాసం నిజమేనమ్మా. ఆక్సిమీటర్ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో మాత్రమే చూపిస్తుంది. ఊపిరాడని బాధ ఎంతో చెప్పగలిగేది ఆయనొక్కరే. సున్నా నుంచి పది లోపు ఎంత ఉందో పొద్దున, రాత్రి ఆయన్నే అడిగి రాసి పెట్టండి. మందు పనిచేస్తోందో లేదో డాక్టర్‌కు దాన్నిబట్టే తెలుస్తుంది.

95 ఉన్నప్పుడు మెషిన్ పెట్టినా మామూలు గాలికంటే పెద్దగా మేలు ఉండదని పరిశోధనల్లో తేలింది. 90 కంటే తగ్గుతుంటే మాత్రం డాక్టర్‌ను అడగండి. ఎప్పుడు తెచ్చినా ఆ గదిలో దీపం, అగరబత్తి, దోమల చుట్ట వెలిగించొద్దు. మంటలు అంటుకుంటాయి.

ప్రస్తుతానికి ఒక టేబుల్ ఫ్యాన్ చాలు. చల్లగాలి ముక్కుకు, బుగ్గలకు తగిలితే అక్కడి నరాల ద్వారా మెదడుకు సంకేతం వెళ్లి ఊపిరాడని భావన తగ్గుతుంది. కరెంటు పోతే విసనకర్రతో విసరండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ముందు బల్ల మీద రెండు దిండ్లు వేసి, వాటిపై చేతులు ఆనించి ముందుకు వాలనివ్వండి. వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలమనండి. చూడటానికి వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ మూగి ఏడిస్తే ఆయనకు గాభరా పెరుగుతుంది, గాభరాతో ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. ఒక్కరు చాలు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి.

ఇక మార్ఫిన్. ఈ భయంతోనే ఎన్నో కుటుంబాలు తగ్గించగలిగే బాధను కళ్లముందే భరిస్తూ ఉండిపోతాయి. నాకు చాలా బాధ కలిగించే విషయమిది. ‘గాలి చాలడం లేదు’ అని మెదడులో పుట్టే ఆందోళనను మార్ఫిన్ తగ్గిస్తుంది. ఇదివరకు వాడనివారికి నోటి ద్వారా 2.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి మెల్లగా పెంచుతాం. ఇలా డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే ఊపిరి ఆగిపోదు. వ్యసనం అవుతుందన్న టెన్షన్ కూడా ఈ పరిస్థితిలో అక్కర్లేదు. మొదటి కొన్ని రోజులు మత్తు, వికారం ఉండొచ్చు. అవి సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం దానంతటది పోదు, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వేయాలి. కిడ్నీ సమస్య ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస మరీ నెమ్మదించినా వెంటనే ఫోన్ చేయాలి.

మార్ఫిన్ అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దాన్ని ఇవ్వడం సులువు చేశారు. జిల్లా ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే చికిత్స) విభాగంలో గానీ, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ అడగండి.

ఒక్కోసారి ఆయాసానికి సరిచేయగల కారణం ఉంటుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే తీయొచ్చు, రక్తం తగ్గితే ఎక్కించొచ్చు, ఇన్ఫెక్షన్‌కు మందు ఇవ్వొచ్చు. పది రోజుల్లోనే పెరిగిందంటున్నారు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించండి. హఠాత్తుగా ఆయాసం పెరిగినా, ఛాతీలో నొప్పి, జ్వరం, ఒక కాలు వాపు, దగ్గులో రక్తం కనిపించినా ఆలస్యం చేయొద్దు.

రేపు మందు రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడిగి రాసుకోండి: మొదటి మోతాదు ఎప్పుడు వేయాలి, రాత్రి మధ్యలో ఆయాసం వస్తే అదనంగా ఎంత ఇవ్వొచ్చు, ఆ సమయంలో ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం మంచం పక్కన గోడకు అంటించండి.