లాంతరు దవడకి ఎంత కిరసనాయిలు?

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన అనువాద కథ నిన్న రాత్రి మీ పిన్నికి చదివి వినిపిస్తున్నాను. "ఆమె కళ్ళ పక్కన కాకి పాదాలున్నాయి" అనగానే, "అయ్యో, కాకి తన్నిందా?" అంది. ఇంగ్లీషులో 'క్రోస్ ఫీట్' అంటే కంటి కొసల్లో విచ్చుకునే ముడతలు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ నాటికే ఉన్న మాట. అరిగి అరిగి ఇప్పుడు వాళ్ళకి అందులో కాకి కనబడదు. మనకి కాకే కనబడుతుంది, వెనకాలే పిండం కూడా గుర్తొస్తుంది. "నవ్వితే కళ్ళ చివర ముడతలు పడుతున్నాయి" అంటే పోయేదేముంది?

నిన్ను కోప్పడే అర్హత నాకు లేదులే. నా మొదటి అనువాదంలో 'లాంటర్న్ జా'ని "లాంతరు దవడ" అని రాశాను. బుగ్గలు పీక్కుపోయి, దవడ పొడుగ్గా ముందుకొచ్చిన మొహం అది. "ఎంత కిరసనాయిలు పడుతుంది?" అని ఎడిటరు మార్జిన్లో రాసి తిప్పి పంపారు.

"ఐదు గంటల నీడ" కూడా కొట్టెయ్యి. పొద్దున గీసిన గడ్డం సాయంత్రానికే నల్లగా తేలడం అన్నమాట. 1930ల్లో అమెరికాలో బ్లేడు ప్రకటనల వల్ల బాగా వాడుకలోకొచ్చింది. 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ప్రత్యర్థి కెనెడీతో టీవీ చర్చకి నిక్సన్ పౌడరు రాసుకుని కూర్చున్నా ఆ గడ్డం దాగలేదు. టీవీలో చూసినవాళ్ళకి అలిసిపోయినవాడిలా కనబడ్డాడు. నీ కథలో గుమస్తా మొహం మీదా ఆ అలసటే ఉంది. గడియారం వదిలేసి దాన్ని పట్టుకో.

'బటన్ నోస్'ని "గుండీ ముక్కు" అన్నావు. చిన్నపిల్లని ముద్దు చేస్తూ అనే మాట, "బుల్లి ముక్కు" చాలు. ఇలాంటి మాటకి అర్థం వెతికే ముందు ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అంటున్నారో చూసుకో. "చట్టిముక్కుదానా" అని మీ అమ్మమ్మ పిలిస్తే ఒళ్ళో వాలేదానివి. అదే బళ్ళో పిల్లలంటే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేదానివి.

అసలు బాధ ముసలాయన చెవి దగ్గర. "కాలీఫ్లవర్ చెవి" అని ఉంచావు, సరే, ఆ పువ్వు మనకీ తెలుసు. కానీ "పుట్టుకతో వచ్చిన వికారం" అని నీ సొంతం తగిలించావు! అది పుట్టుకతో వచ్చేది కాదమ్మా. దెబ్బ తగిలి చర్మం కింద రక్తం గడ్డకట్టి, సకాలంలో తీయకపోతే లోపలి మెత్తటి ఎముక చచ్చి ముడుచుకుపోతుంది. బాక్సర్లకీ, కుస్తీ పట్టేవాళ్ళకీ అలా అవుతుంది. ఆయన ఒకప్పుడు బరిలో దిగిన మనిషని రచయిత ఎక్కడా చెప్పలేదు, ఆ చెవి ఒక్కటి చూపించి ఊరుకున్నాడు. చివర్లో ఆయన పిడికిలి ఎందుకు బిగించాడో దాన్నిబట్టే తెలియాలి. నీ మూడు మాటలతో ఆ దారి మూసుకుపోయింది.

ఆ పేజీ మార్చి త్వరగా పంపు. మిగతా కథ చదవమని మీ పిన్ని పోరు పెడుతోంది, నేను చెవి దగ్గరే ఆపేశాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి